పందొమ్మిదో కిటికీ

కాదు బిడ్డా, గొడవ తర్వాత రాద్దువు. ముందు ఆ కిటికీ ఎట్లా పెట్టానో రాయి. అది తెలియకపోతే నేనెందుకు మొండికేశానో ఎవరికీ అర్థం కాదు. నా మాటను నువ్వు కాలేజీలో రాసినట్టు చక్కదిద్దుకో, నాకు పట్టింపు లేదు. కానీ ఎవరు ఏమన్నారో అది మాత్రం వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే ఉండాలి. కాంట్రాక్టర్ మధుసూదన్ బెదిరించిన బెదిరింపు కూడా.

సోమవారం పొద్దున. ఏ.ఎస్. రావు నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి పోతే ఆ కొత్త ఇల్లు. కింద కార్లు పెట్టుకునే జాగా, పైన రెండంతస్తులు. గురువారం గృహప్రవేశం. లోపల ఎక్కడ చూసినా మనుషులే. పెయింటర్లు రంగు వేసిన గోడ మీదే కరెంటువాళ్లు నిచ్చెన ఆనిస్తున్నారు, వాళ్లూ వీళ్లూ తిట్టుకుంటున్నారు. పైన పద్దెనిమిది కిటికీలు నేనూ, నా కొడుకు మీ నాన్నా వారం ముందే బిగించేశాం. మిగిలింది కింద, మెట్ల కింద ఉన్న వాచ్‌మన్ గది. మీ నాన్న కొలతలు తీసుకోవడానికి సికింద్రాబాద్‌లో కార్ఖానా ఏరియాలో ఇంకో ఇంటికి పోయాడు. ఇక్కడ నేనొక్కణ్నే.

ఆ గది ఎనిమిది అడుగులు ఇటు, తొమ్మిది అడుగులు అటు. పైన మెట్లు కాబట్టి కప్పు ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ పక్క వంగి నడవాలి. అందులో బ్యూలా, ఆమె భర్త నతానియేల్ ఉంటారు. ఒంగోలు దగ్గర ఏదో ఊరు. పునాది తవ్విన రోజు నుంచి ఏడాదిన్నరగా ఆ ఇంటి ఇనుమూ సిమెంటూ కాపలా కాసింది వాళ్లే. ఇద్దరికీ కలిపి నెలకు పదకొండు వేలు. దాంతో గడవదు కాబట్టి పగలు నతానియేల్ ఒక గోదాములో మూటలు మోస్తాడు, బ్యూలా మిషను మీద జాకెట్లు కుడుతుంది. లైనింగ్ జాకెట్టుకు మూడు వందలు తీసుకుంటుంది, బజారులో అయితే ఐదు వందలు. అందుకే ఆ సందులోని ఆడవాళ్లందరూ ఆమె దగ్గరికే వస్తారు.

గోడ కట్టేటప్పుడు బ్యూలా తాపీ మేస్త్రీని బతిమాలి, నెల రోజులు టీ పోసి, తూర్పు పక్క కిటికీకని మూడడుగుల ఖాళీ వదిలేటట్టు చేసుకుంది. ఆ ఖాళీకి ఇన్నాళ్లూ సిమెంటు సంచి కట్టి ఉండేది. కొలత తప్పి మిగిలిపోయిన కిటికీ ఒకటి మన షెడ్డులో పడుంది కదా, తెల్లటి ప్లాస్టిక్‌ది, రెండు రెక్కలు పక్కకు జరిగేది. అది అక్కడ పెడతానని కాంట్రాక్టర్ మధుసూదన్‌ని అడిగాను.

"ఏదో ఒకటి పెట్టి పారెయ్ పెద్దమేస్త్రీ," అన్నాడు. "దాని ముంగట ఎవడు నిలబడి సూస్తడు?"

పారెయ్యడం నాకు చేతకాదు. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి చూస్తే ముప్పావు అంగుళం తేడా వచ్చింది. వంకర గోడలో తిన్నని చట్రాన్ని కొట్టి కూర్చోబెడితే చట్రమే వంకరపోతుంది. రెక్క నాలుగు రోజులు జరిగి ఐదో రోజు ఇరుక్కుంటుంది. అందుకని శనివారమే ఒక పక్క గోడ చెక్కేశాను. కింది గట్టు మీద బయటికి వాలు వచ్చేటట్టు సిమెంటు పూశాను. వాన నీళ్లు బయటికి జారాలి, మంచం మీదికి కాదు. సోమవారానికి అది ఆరింది. చట్రానికీ గోడకూ మధ్య చుట్టూ కొంచెం సందు వదిలాను. ఎండకు చట్రం ఉబ్బుతుంది, దానికి చోటుండాలి. కింద ప్యాకింగ్ ముక్కలు పెట్టి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఒక్కో ముక్కా జరిపాను. అప్పుడు గోడలోకి స్క్రూలు. తర్వాత సందులో ఫోము, బయటి పక్క సిలికాన్. చట్రం అడుగున సన్నని చీలికలుంటాయి, రెక్కలు జరిగే పట్టాలో చేరిన నీళ్లు పోవడానికి. ఈ కాలం ఫిట్టర్లు అందం కోసమని వాటికీ సిలికాన్ పూసేసి పోతారు. నేను ఒక్కోదాంట్లో అగ్గిపుల్ల పెట్టి చూశాను.

పైన పద్దెనిమిదీ ఎట్లా పెట్టానో కిందిదీ అట్లాగే పెట్టాను. అంతే నేను చేసింది.

పదకొండున్నరకు బ్యూలాను పిలిచి రెక్క జరపమన్నాను. ఒక్క వేలితో నెట్టింది. జరిగింది.

"అబ్బో, సబ్బు రాశారా ఏంటి తాతయ్యా!" అంది. మూసి, మళ్లీ తెరిచింది. మళ్లీ మూసింది.

"ఇరగ్గొడతవా ఏంది?" అన్నాను.

"ఊరుకోండి. ఏడాదిన్నర సంచి కట్టుకుని బతికాను, ఓ పదిసార్లు తెరుచుకోనివ్వండి." మిషను లాక్కొచ్చి కిటికీ కింద వేసుకుంది. "నల్ల గుడ్డ మీద నల్ల దారం కుట్టాలంటే మిట్టమధ్యాహ్నం కూడా ఫోను లైటు పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, రైలింజనులా ఉన్నావని."

అప్పుడే గేటు ముందు కారు ఆగింది. అందులోంచి నాంచారమ్మ దిగింది. ఆ ఇల్లు ఆమె కొడుకు విష్ణువర్ధన్‌ది. ఆయనకు మందుల వ్యాపారం. ఎప్పుడో కానీ రాడు, ఇంటి మంచిచెడ్డలన్నీ తల్లే చూసుకుంటుంది. ఆమె వెనకాల వాస్తు చూసే ఆయన. ఇదివరకు ఉన్న ఇంట్లో ఉండగానే విష్ణువర్ధన్ గుండెకు స్టెంటు వేశారు. ఆ ఇల్లు అచ్చిరాలేదని ఆమె నమ్మకం. ఈ ఇంటికి గుమ్మం నిలబెట్టిన రోజు కూడా ఆమె కొడుకు పేరు చెప్పుకుంటూ మొక్కడం నేను చూశాను. కొడుకు కోసం భయపడే తల్లిని నేను తప్పు పట్టను. రాయి, అది కూడా రాయి.

వాస్తు ఆయన పైనుంచి మొదలుపెట్టి ఒక్కో కిటికీకి పెన్ను తాకిస్తూ కిందికి దిగాడు. పద్దెనిమిది, బాగుంది, అంటూ కారు వైపు నడుస్తున్నాడు. ఆ క్షణంలోనే బ్యూలా మళ్లీ రెక్క జరిపింది.

ఆయన ఆగాడు. "ఇదేంటి?"

"వాచ్‌మన్ రూమండీ," అన్నాడు మధుసూదన్.

"రూము సంగతి కాదు. ఇది కిటికీయేగా? పందొమ్మిది!" నాంచారమ్మ వైపు తిరిగాడు. "బేసి సంఖ్య అమ్మా. కిటికీలు సరి సంఖ్యలో ఉండాలి."

"అయ్యో. పోనీ ఎక్కడన్నా ఇంకోటి పెట్టించేద్దామా?"

"ఇరవై అవుతుంది. చివర సున్నా. అది అసలే కూడదు. ఒకటి తగ్గించాల్సిందే."

ఏది తగ్గించాలో ఎవరూ అనలేదు. ఎవరూ తలెత్తి పైకి కూడా చూడలేదు. అందరూ ఈ కిటికీనే చూశారు. బ్యూలా రెక్క మీద నుంచి చెయ్యి తీసింది.

"పగలగొట్టక్కర్లేదులెండి," అన్నాడు వాస్తు ఆయన మెత్తగా. "తెరుచుకోనిదాన్ని కిటికీ అనరు. రెక్కలు కదలకుండా చేస్తే చాలు."

"గంతేనా?" మధుసూదన్ గుండె కుదుటపడింది. "పెద్దమేస్త్రీ, రెక్కలకు ఆరు స్క్రూలు దించు. మీదికెల్లి ప్లైవుడ్ కొట్టి రంగేస్తే గోడనే. పది నిమిషాల పని."

నేను అప్పుడే చేతులు తుడుచుకుంటున్నాను. తుడుచుకుంటూనే అన్నాను. "పైన బట్టల గదికొక కిటికీ ఉన్నది గదమ్మా. దానికి దించుత. అండ్ల మనుషులెవరూ పండరు."

"అదెలా కుదురుతుందండీ?" అంది నాంచారమ్మ. "కోడలు ముచ్చటపడి పెట్టించుకుంది. పైగా గాలి లేకపోతే పట్టుచీరలు ముక్కిపోవూ?"

బ్యూలా నా వైపు చూసింది. "చీరలు ముక్కిపోతాయంట తాతయ్యా. మేమైతే ముక్కిపోం."

నిచ్చెన మీద పెయింటర్ కిసుక్కున నవ్వాడు. నాంచారమ్మ ముఖం ఎర్రబడింది. చెడ్డ మనిషి కాదు ఆమె, నోరు జారింది. "నీకు పెద్ద ఫ్యాను పెట్టిస్తాలేవే, ట్యూబులైటు వేయిస్తాను," అంది.

"కరెంటు పోతేనో అమ్మగారూ? గ్యాసు పొయ్యి కూడా ఈ గదిలోనే ఉంది."

"పెద్దమేస్త్రీ, నిన్నే," అన్నాడు మధుసూదన్. "దించు."

"నేను దించ."

"ఏందీ?"

"నేను దించ సేఠ్. పెట్టుడు నా పని, పెట్టిన. బందు చేసుడు నాతోని కాదు."

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు బిడ్డా. యాభై ఏళ్లలో ఏ కాంట్రాక్టర్‌కూ అట్లా చెప్పలేదు. ఒకటి వచ్చాక దాని వెనకే ఇంకోటి వచ్చింది. "సేఠ్, ఒక్క మాట అడుగుత. మున్సిపాలిటీకి ఇచ్చిన నక్షల ఈ గది ఉన్నదా?"

"గిప్పుడు నక్ష ముచ్చట ఎందుకే నీకు?"

"లేదు గదా. కాగితం మీద ఇది కార్లు పెట్టే జాగ. గదే లేనప్పుడు దాని కిటికీ లెక్కలకు ఎట్లొచ్చింది?"

ఈసారి పెయింటర్లిద్దరూ నవ్వారు. వాస్తు ఆయనకు కోపం వచ్చింది. "వాస్తు పురుషుడు మున్సిపాలిటీ కాగితాలు చూడడయ్యా! ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తాడు."

"అలాగైతే మేమున్నది కూడా చూస్తాడుగా అండీ?" అంది బ్యూలా.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మధుసూదన్ అప్పటికే ఫోను తీశాడు. "హరికిషన్, జల్ది రా. మీ నాయినకు దిమాగ్ ఖరాబైంది."

మీ నాన్న అరగంటలో వచ్చాడు. హెల్మెట్ తీయకముందే గేటు దగ్గర మధుసూదన్ పట్టుకున్నాడు. నాకు వినపడాలనే గట్టిగా మాట్లాడాడు. "కార్ఖానాల నాలుగిండ్ల పని నీకే అనుకున్న హరికిషన్. మీ నాయిన ఆరు స్క్రూల కాడ ఆగిండు. ఇగ నువ్వే సూస్కో."

మీ నాన్న గదిలోకి వచ్చాడు. కప్పు వాలిన పక్క తల తగలకుండా వంగి నిలబడ్డాడు.

"నాయినా, ఆరు స్క్రూలు. గంతే."

"గంతే అయితే సేఠ్‌నే దించుకోమను."

"ఇయాల ఏమైంది నీకు? గిట్లాంటివి ఎన్ని బందు చేయలే మనం! బోయినపల్లిల చేసినం. మల్కాజిగిరిల మెట్ల కిటికీకి చేసినం. అప్పుడు నోరు లేకుండెనా?"

"లేకుండె."

"మరి మనింట్ల?" గొంతు తగ్గించాడు. బ్యూలాకు వినపడకూడదని కావచ్చు. అంత చిన్న గదిలో వినపడకుండా ఎట్లా ఉంటుంది? "మనింట్ల వంటింటి కిటికీ ఎవరు మూసిండ్రు? నువ్వే గదా? పదకొండైతున్నయని ఒక్కటి తగ్గించినవ్. అమ్మ ఏమన్న అన్నదా?"

ఇక్కడ కొంచెం ఆగు బిడ్డా. ... ఆ, రాయి.

లాలాపేటలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపులూ కిటికీలూ నేనే చేశాను. అన్నీ అయ్యాక లెక్కపెడితే పదకొండు కిటికీలు. ఎవరో చెప్పారు, మంచిది కాదని. పైకి పెంచడానికి పైసల్లేవు. ముందు గదిది మూస్తే వచ్చేపోయేవాళ్లకు బాగుండదు. వంటింటిది మూస్తే ఎవరికి కనపడుతుంది? ఒక మధ్యాహ్నం నేనే ఇటుకలు పేర్చి మూసేశాను. మీ నాయనమ్మ శ్యామలమ్మ పక్కన నిలబడి ఇటుకలందించింది. ఒకటి మూస్తే పది అవుతాయి, అదీ సున్నాయే అని కూడా ఎవరూ చెప్పలేదు మాకు. అంత తెలివి మాది.

అప్పుడు కిరోసిన్ స్టవ్వు. ఆమె వంట మధ్యలో గుమ్మంలోకి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ లోపలికి పోయేది. రోజుకు పదిసార్లు పోయేది. ఆమె ఉన్నన్నాళ్లూ, ఇరవై ఆరేళ్లు. దగ్గితే దగ్గు మందు తెచ్చిచ్చాను. గోడ పావంగుళం వంకరుంటే దూరం నుంచే చెప్తాను నేను. ఇంట్లో మనిషి గాలి కోసం గుమ్మంలోకి వస్తుందని తెలుసుకోలేదు.

"అనలే," అన్నాను మీ నాన్నతో. "అనలే, నేను సుత అడగలే. గీ పిల్ల అంటున్నది గదా, గిప్పుడన్న ఇను."

మీ నాన్న నా ముఖంలోకి చూడలేదు. "ఇంటే కడుపు నిండుతదా నాయినా? వాడు ఒక్క ఫోను కొడితే సికింద్రాబాద్‌ల మనకు పనిచ్చేటోడు ఉండడు. నీకైతే నడుస్తది, రేపో మాపో ఇంట్ల కూసుంటవ్. నాకింకా ఇరవై ఏండ్లు గీ పనే."

అది అబద్ధం కాదు. అందుకే నేను అడ్డం పోలేదు. మీ నాన్న డ్రిల్లు తీశాడు. కుడి రెక్క కింది మూల పెట్టి ఒక స్క్రూ దించాడు. పై మూల ఇంకోటి. ఆ చిన్న గదిలో ఆ చప్పుడు పళ్లలోకి దిగింది. మూడోది ఎడమ రెక్కకు. డ్రిల్లు అక్కడ పెట్టబోయేసరికి బ్యూలా మిషను ముందు నుంచి లేచి, సరిగ్గా అక్కడే అరచెయ్యి ఆనించింది.

"చెయ్యి తియ్యి చెల్లె."

"తియ్యను అన్నా."

"గుచ్చుకుంటది."

"గుచ్చండి. ఆ తర్వాత కిటికీకి గుచ్చుదురు."

గుమ్మంలోంచి మధుసూదన్ అరిచాడు. "ఏయ్! ఇయాలనే రూము ఖాళీ చేయిస్త! సామాను రోడ్డు మీద పడేస్త, ఏమనుకుంటున్నవ్!"

"చేయించండి సార్," అంది బ్యూలా. చెయ్యి మాత్రం తీయలేదు. "ఏడాదిన్నరలో ఒక్క ఇనుప ముక్క పోనిచ్చానా? వానలో సిమెంటు తడుస్తుందని మా దుప్పటి కప్పాను. గురువారం రెండొందల మంది వస్తారు. కడిగేదీ, తుడిచేదీ, గేటు తీసేదీ ఎవరో చూసుకోండి. నేనూ మా ఆయనా పొద్దున్నే రైలెక్కుతాం. అక్కడా కూలే, ఇక్కడా కూలే. ఇక్కడ గాలి కూడా లేకపోతే ఎందుకుండాలి?"

నాంచారమ్మ మధుసూదన్‌ని పక్కకు జరిపి లోపలికి వచ్చింది. ఏడాదిన్నరలో ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. కప్పు అంత కిందికి ఉంటుందని తెలియక నుదురు కొట్టుకుంది.

"పంతం వద్దే బ్యూలా. నా కొడుకు ప్రాణం సంగతి ఇది."

"పంతం కాదమ్మగారూ. మీ అబ్బాయి గుండె బాగుండాలని నేనూ ప్రార్థన చేస్తాను, ఒట్టు. దానికి నా ఊపిరి అడక్కండి."

నాంచారమ్మ నుదురు రుద్దుకుంటూ నిలబడింది.

మీ నాన్న డ్రిల్లు పట్టుకునే ఉన్నాడు. బ్యూలా చేతినే చూస్తున్నాడు. చూపుడు వేలి గోరు నడిమిలో మిషను సూది దిగిన నల్లమచ్చ ఉంది. తర్వాత డ్రిల్లు నేల మీద పెట్టాడు. సంచిలో పెట్టలేదు, నేల మీద పెట్టాడు. బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు.

మధుసూదన్ పెయింటర్ వైపు తిరిగాడు. "నువ్వు రా బే. రెండు స్క్రూలు పడ్డయి, నాలుగున్నయి."

"నాకు రంగు తప్ప ఏం రాదు సార్," అన్నాడు పెయింటర్.

కరెంటు మనిషి పిలవకముందే నిచ్చెన ఎక్కేశాడు. వాస్తు ఆయన గడియారం చూసుకుని ఇంకోచోటికి పోవాలన్నాడు. మధుసూదన్ నాతో చెప్పాల్సింది చెప్పాడు. రేపట్నుంచి నా సైట్లో కనపడకు అన్నాడు. బుధవారం వేరే ఫిట్టర్‌ని తెస్త, ఎట్ల మూయడో సూస్త అన్నాడు. సరే అన్నాను. సంచి సర్దుకున్నాను. డ్రిల్లు మాత్రం ముట్టుకోలేదు.

అందరూ పోయాక బ్యూలా అడిగింది. "ఆ రెండు స్క్రూలు తీసేసి పోండి తాతయ్యా. ఇటు రెక్క కదలడం లేదు."

తీయడం అర నిమిషం పని. కానీ నేను తీయలేదు. "నా కొడుకు పెట్టిండు బిడ్డా. వాడే వచ్చి తీస్తడు," అన్నాను.

"రాకపోతే?"

నేను సంచి భుజాన వేసుకుంటుంటే ఆమే అంది. "మీ తండ్రీకొడుకుల సంగతి నాకెందుకు? స్క్రూడ్రైవర్ ఇచ్చి పోండి. బుధవారం పొద్దున దాకా చూస్తాను. రాకపోతే నేనే తీసుకుంటాను."

ఇచ్చి వచ్చాను.

ఇవాళ మంగళవారం. మీ నాన్న నిన్నటి నుంచి ఇంటికి రాలేదు, కార్ఖానా సైట్లోనే పడుకుంటానని మీ అమ్మకు ఫోన్ చేశాడంట. రేపు పొద్దున ఆరింటికి నేను మొదటి బస్సుకు పోతాను. మధుసూదన్ తెచ్చేవాడు ఎవడైనా సరే, నా ముందు నుంచే ఆ కిటికీ దగ్గరికి పోవాలి. ముసలాణ్ని, గుమ్మంలో కూర్చుంటే దాటడం కష్టం. నతానియేల్ కూడా రేపు గోదాముకు పోనన్నాడు.

ఇది మీ నాన్నకు చదివి వినిపించు బిడ్డా. ఫోన్లోనే చదువు. రమ్మని అడగకు, నేను రమ్మన్నానని కూడా చెప్పకు. మధ్యలో కోపం చేస్తే ఆగకు, చదువుతూ పో. మీ నాయనమ్మ ఇటుకలందించిన కాడ మాత్రం మెల్లగా చదువు.